'గుర్తు' అంటే వస్తువా, తలపా?

ప్రశ్న:

తాతగారు పోయాక ఆయన చేతి గడియారం నా దగ్గరికి వచ్చింది. నడవదు. తోలు పట్టీకి ఉన్న రంధ్రాలలో మూడోది సాగిపోయి కోలగా అయింది. పట్టీ అంచున ఒకవైపు మాత్రం నీలిరంగు మరక, తుడిస్తే పోదు. ఇలాంటి వస్తువుల గురించి ఒక వ్యాసం రాస్తూ 'జ్ఞాపిక' అన్నాను. తిరిగి చదివితే మనసు ఒప్పుకోలేదు. సభల్లో చేతికిచ్చి ఫొటో తీయించేదాన్ని కదా అలా అంటున్నాం! 'వారసత్వ వస్తువు' అందామంటే దస్తావేజు భాషలా ఉంది. పెద్దవాళ్లు వదిలి వెళ్లిన వస్తువుకు సరైన తెలుగు మాట ఏది?

స్పందన:

'ఆనవాలు' ఎలా ఉంటుందండీ? అర్థం సరిపోతుంది. కాకపోతే 'ఆనవాళ్లు కూడా మిగల్లేదు' అనే వాడుక బలంగా ఉండటం వల్ల, పోయినదాని జాడ అనే ధ్వని వస్తుంది. మీ గడియారం చేతిలోనే ఉంది కదా.

మరో స్పందన:

నేనైతే 'గుర్తు' అనే అంటాను. పాత రూపం గుఱుతు. గురిపెట్టడంలోని 'గురి' దీనికి దగ్గరి చుట్టం. కన్నడంలోని గురుతు, తమిళంలోని కుఱి కూడా ఈ ఇంటివే. మొదటి అర్థం చిహ్నం, మచ్చ.

ఇప్పటి వాడుక చూడండి. పుస్తకంలో పేజీకి గుర్తు పెడతాం, అది చిహ్నం. చాలా ఏళ్ల తరువాత కనిపించిన మనిషిని గుర్తు పడతాం, అది పోల్చుకోవడం. ఉన్నట్టుండి ఒక మాట గుర్తుకు వస్తుంది, అది తలపు. 'అమ్మ గుర్తుగా దాచుకున్నాను' అంటే అక్కడ ఉన్నది వస్తువు. వస్తువుకూ, దాన్ని పోల్చుకునే చూపుకూ, లోపల కదిలే తలపుకూ ఒకటే మాట! వేరువేరు మాటలు లేకపోవడం కొరత అనుకునేదాన్ని ఒకప్పుడు. ఇప్పుడు అలా అనుకోను.

'జ్ఞాపకం' నడిచింది కూడా ఇదే దారిలో. సంస్కృతంలో జ్ఞాపకం అంటే తెలియజేసేది. పాణిని సూత్రాలలో నేరుగా చెప్పని ఒక నియమాన్ని సూచనగా తెలిపే అంశాన్ని వ్యాకర్తలు జ్ఞాపకం అంటారు. మనసులో మెదిలేదానికి అక్కడ స్మృతి, స్మరణ ఉన్నాయి. తెలుగులోకి వచ్చాక, తెలియజేసేదాని పేరు తలపుకే పేరయి కూర్చుంది. కాబట్టి మీరు రాసిన జ్ఞాపిక వ్యుత్పత్తి ప్రకారం తప్పు కాదు, సభల్లో తిరిగి తిరిగి దాని రుచి మారింది, అంతే.

ఇక సంస్కృతంలో మీరు వెతుకుతున్న మాట 'అభిజ్ఞానం'. సుందరకాండలో హనుమంతుడు గుర్తుగా ఏదైనా ఇమ్మని అడిగినప్పుడు సీత వెంటనే నగ తీయదు. ముందు ఒక కథ చెబుతుంది. తనకూ రాముడికీ మాత్రమే తెలిసిన కాకి కథ. వాల్మీకి శ్రేష్ఠమైన అభిజ్ఞానం అనిపించింది ఆ కథనే. చూడామణి కొంగుముడి నుంచి బయటికి వచ్చేది ఆ తరువాతే. ఆ మణి సంగతీ వినండి. పెళ్లినాడు పుట్టింటి నుంచి వచ్చినది. దాన్ని చూస్తే రాముడికి ముగ్గురు గుర్తుకు వస్తారని ఆమె అంటుంది: జనని, తాను, దశరథుడు. అంత చిన్న రాయిలో ఒక ఇల్లంతా ఉంది. నేను ఆ శ్లోకం దగ్గర ఆగకుండా ముందుకు వెళ్లలేను.

అందుకే మీకు ఒక మాట. వ్యాసం సంగతి తరువాత, ముందు ఆ నీలి మరక గురించి ఇంట్లో ఎవరినైనా అడగండి. కథ తెలిసినవాళ్లు ఉండగానే అడగండి. గుర్తు పట్టేవాళ్లు లేకపోతే అది పాత గడియారమే.

ఇంకో స్పందన:

'యాది'ని మరచిపోయారు. పారసీలోని యాద్ ఉర్దూ మీదుగా వచ్చి, తెలంగాణలో ఇంటి మాట అయింది. 'యాదికి రావడం' విన్నప్పుడు నాకు కలిగే ఆత్మీయత 'గుర్తుకు రావడం'లో కలగదు. ఎవరి చెవి వారిది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. వ్యాసంలో అన్నిచోట్లా 'గుర్తు' అని మార్చాను. అమ్మను అడిగాను. అది సిరా మరకట. తాతగారిది ఎడమచేతి వాటం. గడియారమూ ఆ చేతికే. రాస్తుంటే చెయ్యి తడి అక్షరాల మీదుగా జరిగేదట, పట్టీ అంచు వాటికి తగిలేదట. చొక్కా మణికట్టు మీద కూడా ఎప్పుడూ అదే నీలిరంగు ఉండేదని చెప్పింది.

మా ఇంట్లో ఎడమ చేత్తో రాసేది నేనొక్కడినే. ఎవరి పోలిక అని చిన్నప్పటి నుంచీ అందరూ అడుగుతూ ఉండేవారు.