పాత జంట గొట్టాల తుపాకుల వేలం ధరలు: ఫలితాల పట్టికను మీరెలా చదువుతారు?

నగిషీ_చూపు:
బ్రిటన్‌లో తయారైన పాత సైడ్‌లాక్ (పేల్చే యంత్రాంగం పక్క పలకలమీద అమర్చి ఉండే) షాట్‌గన్‌ల వేలం ఫలితాలను కొంతకాలంగా రాసిపెట్టుకుంటున్నాను. ఒకే సీజన్‌లో అమ్ముడైన, దాదాపు ఒకే కాలానికి చెందిన రెండు పర్డీ (లండన్ తయారీ సంస్థ) తుపాకులలో ఒకటి రెండోదానికి రెట్టింపు పలకడం నాకు తరచూ కనిపిస్తోంది. కేటలాగ్ ఫొటోలలో చూస్తే రెండింటిమీదా అవే గులాబీలు, అవే తీగల నగిషీ. రెండింటిలోనూ 1880లో ఫ్రెడరిక్ బీస్లీ పేటెంటు పొందిన, లివర్ తిప్పగానే స్ప్రింగ్ బలంతో తానే తెరుచుకునే యంత్రాంగమే ఉంది. అయినా ధరలో ఇంత తేడా ఎందుకు వస్తోందో, మీరు పట్టికలో మొదట ఏ వివరం చూస్తారో చెప్పగలరు.

పాటదారు:
ముందుగా మీ పట్టికలోని అంకెలన్నీ ఒకే రకానివో కాదో సరిచూసుకోండి. కొన్ని వేలం సంస్థలు పాట ఖరారైన ధరనే ప్రకటిస్తాయి, మరికొన్ని కొనుగోలుదారు సంస్థకు అదనంగా చెల్లించే రుసుము, అంటే ప్రీమియం, కూడా కలిపి చూపిస్తాయి. ప్రీమియం ఇరవై ఐదు శాతం, దానిమీద ఇరవై శాతం వ్యాట్ ఉన్నచోట, పది వేల పౌండ్లకు పాడుకున్న తుపాకీకి చేతినుంచి వెళ్లేది పదమూడు వేలు. ఈ రెండు రకాల అంకెలను ఒకే వరుసలో పేర్చినవారికి, మార్కెట్లో లేని పెరుగుదల కాగితంమీద కనిపిస్తుంది.

నున్నగొట్టం:
నేను తయారీదారు పేరుకంటే ముందు గొట్టాల కొలతలు చూస్తాను. పన్నెండు బోర్ (బోర్ అంటే గొట్టం సైజు) తుపాకీకి లోపలి వ్యాసం నామమాత్రంగా 0.729 అంగుళాలు, దానిని బ్రీచ్ (గొట్టం వెనక చివర) నుంచి తొమ్మిది అంగుళాల దూరంలో కొలుస్తారు. తుప్పు గుంటలు పోవడానికి లోపల సానపట్టిన ప్రతిసారీ ఈ వ్యాసం పెరుగుతుంది, గోడ పలచబడుతుంది. వ్యాసం పరిమితిని మించి పెరిగితే ఆ తుపాకీ ప్రూఫ్ (గొట్టం బలాన్ని అధికారికంగా పరీక్షించి వేసే ముద్ర) కోల్పోయినట్టే. బ్రిటన్‌లో 1868 నాటి ప్రూఫ్ చట్టం, దాని తర్వాతి సవరణల ప్రకారం అటువంటిదానిని అమ్మకానికి పెట్టడమే నేరం. కాబట్టి అమ్మకానికి వచ్చిన ప్రతి తుపాకీకీ ఈ చిక్కు తీరిపోయిందని చాలామంది నిశ్చింతగా ఉంటారు.

అసలు చిక్కు అక్కడే ఉంది. గోడ మందం ఇంత ఉండాలని ప్రూఫ్ నిబంధనలు చెప్పవు. లోపలి వ్యాసం సరిగ్గా ఉండి, పైనుంచి సొట్టలు తీసి, నునుపు చేసి, మళ్లీ నల్లరంగు ఎక్కించిన గొట్టం చట్టం దృష్టిలో నిక్షేపంగా ఉంటుంది. కొలిచి చూస్తే ఒకచోట అంగుళంలో వెయ్యోవంతులు పదహారో పదిహేడో మాత్రమే మిగిలి ఉంటాయి. ఇరవైకి తగ్గితే వెనక్కి తగ్గడం కొనేవారిలో బాగా స్థిరపడిన అలవాటు. కేటలాగ్‌లో కనీస గోడ మందం ఇరవై ఆరు అని రాసిన తుపాకీకీ, పద్దెనిమిది అని రాసిన తుపాకీకీ ఫొటోలో తేడా ఉండదు, పాటలో మాత్రం ఉంటుంది. మీ రెండు పర్డీల విషయంలో ముందు ఈ అంకె వెతకండి. దానితోపాటు గొట్టాలు మొదటివా, తయారీదారే తర్వాత కొత్తవి వేసినవా, లేక పాత బ్రీచ్‌కు కొత్త గొట్టాలు అతికించి స్లీవ్ చేసినవా అన్నది చూడండి. స్లీవ్ చేసిన తుపాకీ కాల్చడానికి ఎంత బాగున్నా, సేకరించేవారు దానికి అసలుదాని ధర ఇవ్వరు.

వాల్‌నట్:
గొట్టాల ప్రాధాన్యాన్ని కాదనను, కానీ అన్నీ మైక్రోమీటరే తేల్చేస్తుందంటే ఒప్పుకోలేను. వేలానికి ముందు ప్రదర్శన రోజున తుపాకీ చేతికిచ్చినప్పుడు నేను మొదట అడుగుభాగంలోని స్క్రూల తలలు చూస్తాను. మంచి లండన్ పనిలో వాటి గాడులు వెంట్రుకవాసి సన్నంగా, గొట్టాలకు సమాంతరంగా ఒకే దిశలో నిలుస్తాయి; అంచులు చితికి, గాడి వంకరగా ఆగి ఉంటే, సరైన పనిముట్టు లేని చేయి ఎప్పుడో లోపలికి వెళ్లిందని అర్థం. ఆ తర్వాత లాక్ పలకల అంచుల్లో, వేళ్లు తగలని మూలల్లో, కేస్ హార్డెనింగ్ (లోహం పైపొరను గట్టిపరిచే ప్రక్రియ) తాలూకు నీలి, గోధుమ రంగుల చారలు ఎంత మిగిలాయో చూస్తాను. ఆ రంగును మళ్లీ వేయించవచ్చు, కానీ అరిగిన నగిషీమీద కొత్త రంగు మెరుస్తుంటే తెలిసినవారి కన్ను అక్కడే ఆగుతుంది.

స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం) పొడవు గురించి ఎవరూ చెప్పలేదు. పొట్టిగా కోసేసిన స్టాక్ ఉన్న తుపాకీ, దానికి చక్కటి వాల్‌నట్ చెక్క ఉన్నాసరే, పాటలో వెనకబడటం నేను చాలాసార్లు చూశాను.

పదహారు_బోర్:
మధ్యస్థాయి తుపాకుల ధరలను పేరు, పరిస్థితి మాత్రమే నిర్ణయించడం లేదు. బ్రిటన్‌లోని తొమ్మిది షూటింగ్, గ్రామీణ సంస్థలు 2020 ఫిబ్రవరిలో సీసపు గుళ్లను ఐదేళ్లలో స్వచ్ఛందంగా వదిలేద్దామని ప్రకటించాయి. 2025లో ప్రభుత్వం కూడా నిషేధాన్ని ప్రకటించింది. రెండున్నర అంగుళాల ఛాంబర్ (తూటా కూర్చునే చోటు), పలచటి గొట్టాలు, బిగువైన చోక్ (గొట్టం మూతి దగ్గరి ఇరుకు) ఉన్న పాత తుపాకీలో సీసానికి బదులు ఉక్కు గుళ్లు వాడటానికి యజమానులు జంకుతారు. బిస్మత్ గుళ్లు వాడవచ్చు గానీ అవి చాలా ఖరీదు. అందుకే బర్మింగ్‌హామ్‌లో తయారైన సాదా బాక్స్‌లాక్‌లు (యంత్రాంగం తుపాకీ ఒంట్లోనే ఉండే రకం), 1875 నాటి ఆన్సన్–డీలీ యంత్రాంగంతో నేటికీ చక్కగా పనిచేసేవి కూడా, ఇప్పుడు చవకగా వెళ్లిపోతున్నాయి. నాకైతే అది అన్యాయమే అనిపిస్తుంది. 1909 నాటి నమూనాపై బాస్ కంపెనీ చేసిన ఒకదానిపై ఒకటి గొట్టాలుండే తుపాకుల సంగతి వేరు: అవి తక్కువగా తయారయ్యాయి, కొనేవారికి గుళ్ల ఖర్చు లెక్కలోకి రాదు.

నగిషీ_చూపు:
కృతజ్ఞతలు. గోడ మందం కోసం పట్టికలో వేరే వరుస చేర్చాను. మరొక సందేహం: పేరున్న యజమాని ఉన్నప్పుడు ఈ లెక్కలన్నీ పక్కకు పోతాయా?

పాటదారు:
పోతాయి, కానీ ఆ ఒక్క తుపాకీకే. 1909లో ఆఫ్రికా యాత్రకు వెళ్తున్న అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కోసం ఏ.హెచ్. ఫాక్స్ కంపెనీ చేసిచ్చిన పన్నెండు బోర్ తుపాకీ, 2010 అక్టోబరులో అమెరికాలోని జేమ్స్ డి. జూలియా వేలంలో 8,62,500 డాలర్లు పలికింది. దానినిబట్టి మిగిలిన ఫాక్స్ తుపాకుల విలువ పెరిగిందనుకోవడం పొరపాటు, ఎందుకంటే అక్కడ కొన్నది యజమాని చరిత్రను. అటువంటివి నా పట్టికలో ఎర్ర సిరాతో రాసి, సగటు నుంచి తీసేస్తాను. అలాగే జతగా చేసినవాటిలో విడిపోయిన, రెండు గొట్టాలను కలిపే పైపట్టీ (రిబ్) మీద బంగారంతో "2" అని పొదిగిన ఒంటరి తుపాకీని కూడా విడిగా రాస్తాను, దానికి తోడు దొరికే ఆశ కూడా ధరలో కొంత కలిసి ఉంటుంది గనుక.

నున్నగొట్టం:
అమ్ముడుపోని లాట్లను (వేలంలో సంఖ్య వేసి పెట్టిన వస్తువులను) కూడా రాయండి. ఫలితాల జాబితాలో అంకెల వరుసలో ఎక్కడైనా ఒక సంఖ్య తప్పిపోతే, అది కనీస ధరకు చేరకుండా వెనక్కి వెళ్లినది కావచ్చు. అదే సీరియల్ సంఖ్య మరుసటి సీజన్‌లో తగ్గించిన అంచనాతో తిరిగి కనిపించినప్పుడు, అమ్మేవారు ఆశించినదానికీ కొనేవారు ఇవ్వదలచినదానికీ మధ్య ఎంత ఎడం ఉందో మీకు స్పష్టంగా తెలుస్తుంది.