పైడిభీమవరం ఇంటర్వ్యూ జరిగి 23 రోజులు, సోమవారంలోగా రాయగడకు జవాబివ్వాలి: ఏం చేయాలి?

ప్రశ్న, పర్లాకిమిడి నుండి

సభ్యులందరికీ నమస్కారం. నేను రసాయన శాస్త్రంలో ఎం.ఎస్సీ. చేసి, రెండేళ్లుగా మా ఊళ్లోనే ఒక ప్రైవేటు పాఠశాలలో బోధిస్తున్నాను. గత నెలలో పైడిభీమవరం దగ్గరి ఒక మందుల కర్మాగారంలో క్వాలిటీ కంట్రోల్ విభాగానికి ఇంటర్వ్యూకు హాజరయ్యాను. ముందు రాత పరీక్ష పెట్టారు, తరువాత ల్యాబ్ అధిపతి దాదాపు నలభై నిమిషాలు హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను వేరుచేసి కొలిచే యంత్ర పద్ధతి) గురించీ టైట్రేషన్ల గురించీ అడిగారు, చివరికి హెచ్‌ఆర్ అధికారి జీతం ఎంత ఆశిస్తున్నారో, ఎప్పటికి చేరగలరో రాసుకుని “వారంలో కబురు చేస్తాం” అన్నారు. ఈ రోజుకు 23 రోజులు గడిచాయి.

మహేంద్రతనయ ఒడ్డున ఉన్న మా వీధిలో ఫోన్ సిగ్నల్ నిలకడగా ఉండదు. ఇంటర్వ్యూ అయిన పదకొండో రోజున విశాఖ కోడ్ 0891తో మొదలయ్యే నంబరు నుండి ఒక మిస్డ్ కాల్ కనిపించింది. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆ కాల్ వారిదేనేమో, పిలుపు చేజారిపోయిందేమో అని అప్పటి నుండి మనసు కుదుటపడటం లేదు.

ఇంతలో రాయగడలోని ఒక నీటి పరీక్షల ల్యాబ్ నుండి ఆఫర్ లెటర్ వచ్చింది. జీతం తక్కువ, కానీ కాగితం చేతిలో ఉంది. సోమవారంలోగా జవాబు ఇమ్మన్నారు. మా పాఠశాలకు నెల రోజుల నోటీసు ఇవ్వాలి. పైడిభీమవరం వారికి మనమే ఫోన్ చేస్తే చులకనైపోతామని నాన్నగారి అభిప్రాయం. వారి మౌనాన్ని కాదన్నట్లే అనుకోవాలా? అడగవచ్చునా? అడిగితే ఎలా అడగాలి?

సమాధానం, రాయగడ నుండి

అమ్మా, నేను ఒక పరిశ్రమలో సిబ్బంది విభాగంలో 26 ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మీరు కూర్చున్న బల్లకు అవతలి వైపు ఏం జరుగుతుందో చెబితే మీ బెంగ కొంత తగ్గుతుందని రాస్తున్నాను.

ఇంటర్వ్యూ ముగిసిన సాయంత్రమే ల్యాబ్ అధిపతి మార్కుల కాగితం మీద సంతకం చేసి మాకు పంపేవారు. అక్కడి నుండే ఫైలు నడక మందగిస్తుంది. ఆ పోస్టుకు ఆ ఏటి బడ్జెట్‌లో చోటుందో లేదో లెక్కల విభాగం చూడాలి. మీరు అడిగిన జీతం అదే గ్రేడులో ఇప్పటికే ఉన్నవారి జీతాన్ని మించిపోతోందేమో మేము చూసుకోవాలి, లేకపోతే లోపలివారు మమ్మల్ని నిలదీస్తారు. ఆపైన ప్లాంట్ అధిపతి సంతకం కావాలి, ఆయన ఆడిట్ పనిలోనో ప్రయాణంలోనో ఉంటే ఫైలు అలాగే పడి ఉంటుంది. “వారంలో” అని చెప్పే అధికారికి ఈ సంతకాల్లో ఒక్కటీ తన చేతిలో ఉండదు. అబద్ధం చెప్పాలని ఆయన చెప్పడు, ఎదుట కూర్చున్న మనిషికి ఏదో ఒక గడువు చెప్పి పంపాలి కాబట్టి చెబుతాడు.

మౌనానికి మరో కారణం ఉంది, అభ్యర్థులకు దాన్ని ఎవరూ చెప్పరు. మొదటి స్థానంలో నిలిచిన వ్యక్తికి ఆఫర్ పంపుతాము. ఆ వ్యక్తికి ఇప్పుడున్న చోట 60 రోజుల నోటీసు ఉండవచ్చు, అక్కడి యజమాని జీతం పెంచి ఆపుకోవచ్చు, చేరతానని చెప్పి చేరకపోవచ్చు. అందువల్ల రెండో స్థానంలో ఉన్నవారికి “లేదు” అని రాయడానికి ఏ అధికారికీ చేయి రాదు, ఎందుకంటే అలా రాసిన మర్నాడే మొదటివారు వెనక్కి తగ్గితే మళ్లీ ప్రకటన, మళ్లీ పరీక్ష, మళ్లీ రెండు నెలలు. అందుచేత అవునని గానీ కాదని గానీ చెప్పకుండా ఉంచుతారు. ఇది అభ్యర్థికి న్యాయం కాదు. నేనూ ఎందరినో ఇలాగే ఉంచాను, ఒక్క ముక్క రాసి ఉంటే ఎవరి బతుకు నిర్ణయం వారు చేసుకునేవారు కదా అని ఇప్పుడు బాధపడుతున్నాను.

కాబట్టి మీరు తప్పకుండా అడగండి. నాన్నగారితో నా మాటగా చెప్పండి, చెప్పిన గడువు దాటాక మర్యాదగా ఒక్కసారి అడిగిన అభ్యర్థిని మా విభాగంలో ఎవరూ చులకన చేయలేదు. రోజుకొకసారి ఫోన్ చేసేవారితోనే విసిగిపోయేవాళ్లం. ముందు ఈమెయిల్ పంపండి, రెండు పనిదినాలు ఆగి, ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో ఒక్క ఫోన్ చేయండి. నెల మొదటి వారంలో ఆ విభాగమంతా జీతాల పనిలో ఉంటుంది, 15వ తేదీలోగా పీఎఫ్ చందా జమ కావాలి కాబట్టి అంతవరకు ఊపిరాడదు. ఈ రోజు 18, మంగళవారం, అంటే మీరు అడగడానికి అనువైన రోజులే నడుస్తున్నాయి.

ఈమెయిల్ ఆరేడు వాక్యాలు మించకూడదు. విషయం దగ్గరే మీ పేరు, పోస్టు పేరు, ఇంటర్వ్యూ తేదీ ఉండాలి, ఎందుకంటే అదే రోజు ఆ గదిలోకి నలభై మంది వచ్చి ఉంటారు. “ఫలానా తేదీన ఫలానా పోస్టుకు హాజరయ్యాను. ఆ ఉద్యోగం మీద నాకు ఆసక్తి అలాగే ఉంది. మరో సంస్థ నుండి లిఖితపూర్వక ఆఫర్ వచ్చింది, సోమవారంలోగా వారికి జవాబివ్వాలి. నా దరఖాస్తు ఏ దశలో ఉందో శుక్రవారంలోగా తెలియజేయగలరా?” ఇంతే. ఇలా తేదీ ఉన్న ప్రశ్నకే అధికారి పై వారి దగ్గరికి వెళ్లగలడు. “ఏమైనా తెలిసిందా సార్” అన్న ప్రశ్నకు “ఇంకా ప్రాసెస్‌లో ఉంది” అన్న జవాబు తప్ప మరొకటి రాదు. అయితే లేని ఆఫర్‌ను ఉన్నట్లు ఎన్నడూ రాయకండి, ఈ పరిశ్రమల్లో ఒకరికొకరు తెలిసినవారే. రాయగడ ల్యాబ్ పేరుగానీ జీతంగానీ చెప్పనవసరం లేదు.

మిస్డ్ కాల్ సంగతి కూడా అందులోనే రాయండి. కంపెనీల నుండి వెళ్లే కాల్ ఒకే బోర్డు నంబరుతో కనబడుతుంది, తిరిగి చేస్తే ఆ బల్ల దగ్గరికే చేరుతుందన్న నమ్మకం లేదు. సిగ్నల్ బాగా అందే నాన్నగారి నంబరునో పాఠశాల నంబరునో రెండో నంబరుగా ఇవ్వండి. ఈమెయిల్‌లో స్పామ్ పెట్టె కూడా తెరిచి చూడండి, ఆఫర్ లెటర్లు అక్కడ పడి ఉండటం నేను కళ్లారా చూశాను.

ఇక సోమవారం మాట. శుక్రవారానికి లిఖితపూర్వకంగా ఏమీ రాకపోతే రాయగడకు సరేననండి. సోమవారం సాయంత్రం దాకా మాత్రం ఆగవద్దు. మన అంగీకారం పంపేలోగా ప్రతిపాదనను వెనక్కి తీసుకునే హక్కు ఎదుటివారికి ఉందని 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 5వ సెక్షన్ చెబుతుంది.

జవాబు, జయపురం నుండి

పై పెద్దాయన చెప్పినదానికి నా అనుభవం ఒకటి జోడిస్తాను. ఒక సంస్థ నుండి “మీరు సెలెక్ట్ అయ్యారు, ఉన్నచోట చెప్పేయండి” అని ఫోన్‌లో అన్నారు. అది విని మర్నాడే రాజీనామా ఇచ్చాను. లెటర్ ఈ వారం, వచ్చే వారం అంటూ రెండు నెలలు నడిపి, చివరికి ఆ పోస్టునే ఆపేశామన్నారు. నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాను, ఇంటద్దె మా బావగారు కట్టారు. దయచేసి జీతం, చేరవలసిన తేదీ, సంతకం ఉన్న కాగితం కంటితో చూడకుండా పాఠశాలకు నోటీసు ఇవ్వకండి. అది రాయగడ ఉద్యోగానికీ వర్తిస్తుంది. మీ నోటీసు నెల రోజులని వారికి ముందే చెప్పి, ఆ తేదీకి వారు లిఖితపూర్వకంగా ఒప్పుకున్నాకే రాజీనామా ఇవ్వండి.

అనుబంధ ప్రశ్న, పర్లాకిమిడి నుండి

ఇద్దరికీ కృతజ్ఞతలు. బుధవారం ఉదయం మీరు చెప్పినట్లే ఈమెయిల్ పంపాను. మధ్యాహ్నం ఒక తెలియని నంబరు నుండి వాట్సాప్‌లో సందేశం వచ్చింది. అదే కంపెనీకి నేను ఎంపికయ్యాననీ, యూనిఫాం, వైద్య పరీక్షల నిమిత్తం 4,500 రూపాయలు పంపితే ఆఫర్ లెటర్ ఇస్తామనీ ఉంది. దీన్ని నమ్మవచ్చునా? మరొక్క సందేహం. రాయగడలో చేరిన పది రోజులకు పైడిభీమవరం నుండి పిలుపు వస్తే ఏం చేయాలి?

సమాధానం, రాయగడ నుండి

ఒక్క రూపాయి పంపవద్దు. ఉద్యోగమిచ్చే కంపెనీ అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోదు. ఇంటర్వ్యూలకు వెళ్లినవారి నంబర్లు ఎలాగో బయటికి పొక్కుతాయి, జవాబు కోసం ఎదురుచూసే మనిషి తొందరపాటే ఈ మోసగాళ్లకు పెట్టుబడి. ఆ సందేశాన్ని భద్రపరచి, ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన ఈమెయిల్ చిరునామాకే రాసి నిజమో కాదో అడగండి. ఎవరైనా ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

రెండో సందేహానికి నా సూటి అభిప్రాయం చెబుతాను. అలాంటి పిలుపు వస్తే వెళ్లడం నేరం కాదు, కానీ ఆఫర్ లెటర్‌లో ప్రొబేషన్ కాలానికి ఎన్ని రోజుల నోటీసు ఉందో, బాండ్ (ఇంతకాలం మానకూడదన్న ఒప్పందం) ఏదైనా ఉందో ఇప్పుడే చదువుకోండి. వెళ్లవలసి వస్తే నోటీసు ఇచ్చి, రిలీవింగ్ లెటర్ తీసుకునే వెళ్లండి. రాయగడలో చేరిన సంగతిని కొత్తవారి దగ్గర దాచడం పనికిరాదు, పీఎఫ్ ఉంటే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ సంఖ్య) ఖాతాలో చేరిన తేదీతో సహా కనబడుతుంది.

ప్రశ్న, గుణుపురం నుండి

ఇదే చర్చలో అడుగుతున్నందుకు మన్నించండి. మా తమ్ముడు ఒడిశా ప్రభుత్వ శాఖలో ఒక పోస్టుకు ఇంటర్వ్యూ ఇచ్చి నాలుగు నెలలైంది, జాబితా ప్రకటించలేదు. అతడు ఎవరిని అడగాలి?

జవాబు, బరంపురం నుండి

ప్రభుత్వ కార్యాలయమైతే సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. ఒడిశాలో ఫారం ‘ఎ’ నింపి, 10 రూపాయల రుసుముతో ఆ శాఖ ప్రజా సమాచార అధికారికి ఇవ్వాలి, సమాధానానికి 30 రోజుల గడువు. మనవాళ్లు పొరపాటు పడే చోటు ఒకటుంది. దరఖాస్తు ఇంగ్లీషులో, హిందీలో, లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండాలని చట్టం చెబుతుంది, ఇక్కడ అది ఒడియా. తెలుగులో రాసి ఇస్తే తిప్పి పంపే అవకాశం ఉంది. “ఎందుకు ఆలస్యం” అని కాకుండా, “జాబితా ఆమోదం ఏ తేదీన ఏ అధికారికి పంపారు, ఇప్పుడు ఫైలు ఎక్కడ ఉంది, ఫైలు నోటింగుల (అధికారులు ఫైలులో రాసిన వ్యాఖ్యల) నకళ్లు ఇవ్వండి” అని రికార్డులో ఉండే విషయాలను అడగమనండి. జాబితాలో పేరు వచ్చినా అప్పుడే ఉద్యోగం వచ్చినట్లు కాదు. ఎంపిక జాబితాలో ఉన్నంత మాత్రాన నియామకపు హక్కు పుట్టదనీ, అయితే ప్రభుత్వం ఇష్టానుసారం ఖాళీలను నింపకుండా వదలకూడదనీ సుప్రీంకోర్టు 1991లో శంకర్సన్ దాష్ కేసులో తీర్పు చెప్పింది. తమ్ముణ్ణి మిగతా దరఖాస్తులు మానవద్దని చెప్పండి.

ప్రశ్న అడిగినవారి నుండి, శనివారం

శుక్రవారం సాయంత్రం పైడిభీమవరం నుండి జవాబు వచ్చింది. ఆ వాట్సాప్ సందేశం తమది కాదనీ, 0891 కాల్ మాత్రం తమదేననీ, నేను చెప్పిన జీతాన్ని మరోసారి నిర్ధారించుకోవడానికి చేశారనీ రాశారు. నా పేరు పరిశీలనలో ఉందట, ప్లాంట్ అధిపతి ఆమోదం రావలసి ఉందట, నెలాఖరులోగా తేదీ చెప్పలేమట. నాన్నగారు ఆ ఈమెయిల్ రెండుసార్లు చదివించుకుని, “అడిగితే చెప్పారు కదమ్మా” అన్నారు.

ఈ ఉదయం రాయగడ ల్యాబ్‌కు అంగీకారం పంపాను, నోటీసు కాలం సంగతి రాసి, చేరే తేదీని దానికి తగినట్లు మార్చమని కోరాను. గంటలోపే కొత్త తేదీతో సంతకం చేసిన లెటర్ పంపారు. ప్రొబేషన్‌లో నోటీసు 15 రోజులు, బాండ్ లేదు. పైడిభీమవరం వారికి కృతజ్ఞత తెలిపి, నేను వేరే చోట చేరుతున్నాననీ, ఆమోదం వచ్చాక ఆఫర్ ఇవ్వదలచుకుంటే తెలియజేయమనీ రాశాను. సోమవారం పాఠశాలకు రాజీనామా ఇస్తాను. పదో తరగతి పిల్లలకు రసాయన శాస్త్రంలో ఇంకా రెండు పాఠాలు మిగిలి ఉన్నాయి, ఈ నెల రోజుల్లో అవి పూర్తి చేసి వెళతానని ప్రధానోపాధ్యాయురాలికి మాట ఇచ్చాను.