బీఎస్సీ ఫిజిక్స్: లయోలాలో చేరిపోవాలా, ఐసర్ కోసం చూడాలా?

అన్నలూ అక్కలూ, ఒక సలహా కావాలి. మాది గుంటూరు, ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. చుట్టాలంతా బీటెక్ సీఎస్‌ఈ అంటూ ఒకటే పోరు, నాకేమో ఫిజిక్సే చదవాలని ఉంది, నాన్నని ఎలాగోలా ఒప్పించాను గానీ ఎక్కడ చేరాలో తేలట్లేదు.

తిరుపతి ఐసర్ (సైన్స్ చదువుకి కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌కి (డిగ్రీ, పీజీ కలిపి) ఆప్టిట్యూడ్ టెస్ట్ రాశాను, 60 ప్రశ్నల్లో 15 బయాలజీవే (ఎంపీసీ వాళ్లకి ఇదేం శిక్షో!), అందుకే పెద్దగా ఆశ లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ కోసం సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్) కూడా రాశా. ఇవేవీ రాకపోతే విజయవాడ ఆంధ్రా లయోలా, రోజూ రైల్లో వెళ్లి రావచ్చు, హాస్టల్ ఖర్చు తప్పుతుంది.

నా అసలు టెన్షన్ ల్యాబ్ గురించి. మా ఇంటర్ కాలేజీలో ప్రాక్టికల్స్ పరీక్షల ముందు వారమే, వెర్నియర్ కాలిపర్స్ ఒక్కటుంటే పదిమందిమి చుట్టూ మూగి చూశాం, రీడింగులు మాత్రం అందరి రికార్డులోనూ ఒకటే. డిగ్రీలోనూ ఇదే తంతయితే మూడేళ్లు దండగ కదా?

ఇక్కడి కాలేజీల్లో బీఎస్సీ చేసి జామ్ (ఐఐటీల్లో ఎమ్మెస్సీకి ఎంట్రన్స్) రాసి ఐఐటీకి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? కోచింగ్ తీసుకున్నారా, సొంతంగానే చదివారా? నాలుగో ఏడాది ఆనర్స్ చేయడం మేలా, మూడేళ్లకే ఎమ్మెస్సీకి వెళ్లిపోవాలా? లేదంటే ఒక ఏడాది ఆగి ఐసర్ టెస్ట్ మళ్లీ రాసి, నైసర్‌కి (భువనేశ్వర్‌లో ఇలాంటి సంస్థే) కూడా ప్రయత్నించమంటారా? కౌన్సెలింగ్ దగ్గర పడుతోంది, తెలిసినవాళ్లు కాస్త త్వరగా చెప్పండి ప్లీజ్.