డెక్స్‌ట్రల్‌ను ‘దక్షిణావర్తం’ అనవచ్చా?

ప్రశ్న: ప్లవక ఫొరామినిఫెరాకు (సముద్రంలో తేలుతూ బతికే, పెంకున్న ఏకకణ జీవులకు) తెలుగులో గుర్తింపు పట్టిక రాస్తున్నాం. పెంకు చుట్టు తిరిగే దిశ దగ్గర డెక్స్‌ట్రల్ (కుడి చుట్టు), సినిస్ట్రల్ (ఎడమ చుట్టు) అనే మాటలకు దక్షిణావర్త, వామావర్త సరిపోవా? శంఖానికి ఉన్న మాటలే కదా!

జవాబు: ఆ శంఖంతోనే తంటా అండీ. పూజల్లో అరుదుగా దొరికే దక్షిణావర్త శంఖం జంతుశాస్త్రం లెక్కలో సినిస్ట్రల్. మనవాళ్లు నోటి కాలువ సాగే మొనను పైకి పట్టి చూస్తారు, నోరు కుడివైపు కనిపిస్తుంది. శాస్త్రజ్ఞులు శిఖరం (చుట్లు మొదలయ్యే కొన) పైకి పెడతారు, అదే నోరు ఎడమకు పోతుంది. ఆ మాట పట్టికలో వేస్తే సగం మంది తలకిందులుగా చదువుతారు.

మరొకరు: ‘సవ్య, అపసవ్య’ కూడా జాగ్రత్తే. బడి పుస్తకాల్లో సవ్యదిశ అంటే గడియారం ముల్లు తిరిగే దిశ. సంస్కృతంలో సవ్యం అంటే ఎడమ. జంధ్యం ఎడమ భుజం మీద ఉంటేనే సవ్యం అంటాం కదా.

ప్రశ్న: మరి ఏం రాయాలి? అసలు ఇంత పట్టింపు అవసరమా?

జవాబు: చాలా అవసరం. నియోగ్లోబోక్వాడ్రినా పాకిడెర్మా అనే ఫొరామినిఫెరా జాతి ఎడమ చుట్టుది, ధ్రువాల చలి నీళ్లది. దాదాపు అలాగే కనిపించే కుడి చుట్టు పెంకు ఇన్‌కాంప్టా, కాస్త వెచ్చని నీళ్లది. 2006లో జన్యు ఆధారాలతో దాన్ని వేరే జాతిగా నిలబెట్టారు. దిశ తారుమారైతే చలి కాలంలో సముద్రం అడుగున పేరుకున్న మట్టి వెచ్చని కాలానిదిగా లెక్కకొస్తుంది.

పొరపాటు ఎక్కువగా ఎక్కడంటే: నోరు బొడ్డు ముఖం (చుట్టు మధ్య గుంట కనిపించే వైపు) మీద ఉంటుంది, జాతి గుర్తింపుకు ఆ ముఖమే ఎక్కువ చూస్తాం, దిశ కూడా అక్కడే చూసేస్తాం. అక్కడ అన్నీ ఎదురే. పెంకును తిప్పి, చుట్టు ముఖం (చుట్లన్నీ కనిపించే వైపు) పైకి పెట్టాలి. పెంకులోని గదులు చిన్నదాని నుంచి పెద్దదానికి గడియారం ముల్లులా పెరిగితే డెక్స్‌ట్రల్.

మట్టిని 63 మైక్రాన్ల జల్లెడలో కడిగి, 50 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, 150 మైక్రాన్లకు పైవి తీసుకుని, స్ప్లిటర్ అనే పరికరంతో సమానంగా పంచి కనీసం 300 పెంకులు లెక్కపెడతారు. ఆమ్లం తగలకూడదు, కాల్సైట్ కరిగిపోతుంది. పాకిడెర్మా మీద మందపాటి కాల్సైట్ పొర ఉండి గదుల అతుకులు కనిపించవు. తడి కుంచెతో కాస్త ఆకుపచ్చ తిండి రంగు అద్దితే అతుకుల్లోకి దిగి గీతలు తేలతాయి. అప్పటికీ తేలకపోతే ‘దిశ తెలియదు’ అని విడిగా రాయండి, ఊహించి ఒక గడిలో వేయకండి. ఆర్బులినా అనే మరో ఫొరామినిఫెరాకైతే ఈ గొడవే లేదు: చివరి గుండ్రటి గది ముందు గదులన్నిటినీ లోపల దాచేస్తుంది.

మరొకరు: అయితే ‘కుడి చుట్టు’, ‘ఎడమ చుట్టు’ వేయండి. ఏ ముఖం నుంచి చూశారో పట్టిక మీదే రాయండి. ముఖం చెప్పకపోతే ఏ మాట వేసినా దిక్కు తెలియదు.