అప్‌డేట్: ఇన్‌వాయిస్ పేరుతో వచ్చిన అటాచ్‌మెంట్ తెరిచాను, ఏమి చేయాలి?

ఆ అటాచ్‌మెంట్ తెరిచాక నా పేరుతో అందరికీ మెయిళ్లు వెళ్తున్నాయని పోయిన వారం అడిగాను కదా. మీరు చెప్పినట్లే ముందు ఇంటర్నెట్ ఆపి, ఫోను నుంచి పాస్‌వర్డ్ మార్చాను. మెయిల్ సెట్టింగులలో నేను పెట్టని ఫార్వర్డింగ్ చిరునామా ఒకటి కనిపించింది! దానిని తీసేయకపోతే, పాస్‌వర్డ్ మార్చినా నా ఉత్తరాలు ఆ మోసగాళ్లకు చేరుతూనే ఉండేవి.

నేను తెరిచిన ఫైలు పేరులో పీడీఎఫ్ అని ఉన్నా, అసలు ఎక్స్‌టెన్షన్ (ఫైలు రకాన్ని చెప్పే, పేరు చివరి భాగం) ఈఎక్స్ఈ, అంటే అది ప్రోగ్రామ్. విండోస్ మామూలుగా దానిని దాచి చూపిస్తుంది. 2000 మేలో ‘ఐ లవ్ యూ’ వైరస్ వ్యాపించడానికి ఈ దాపరికం కూడా ఒక కారణం. ఇప్పుడు ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా మార్చుకున్నాను.

అందరికీ నేనే ఫోన్ చేసి చెప్పాను. అప్పటికే మా పిన్ని నా పేరు చూసి, నమ్మి తెరిచేసింది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నిన్న వెళ్లి ఆమె ఫొటోలు వేరుగా భద్రపరిచి, విండోస్ మళ్లీ వేయించాను.