పక్షవాతం తర్వాత రాగి సంగటి పెట్టొచ్చా?

ప్రొద్దుటూరు కోడలు: మా మామయ్యకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి నీళ్లు తాగినా పొరబోతోంది, దగ్గు ఆగదు. ఆయనేమో సంగటే కావాలంటున్నారు. పల్చగా అంబలి కాచి ఇస్తే మేలా? చాలా టెన్షన్‌గా ఉంది.

అనంతపురం థెరపీ: పల్చగా ఉంటే సులువని అనుకోకండమ్మా, ఈ స్థితిలో పల్చటివే గొంతులో ఊపిరి దారి మూసుకునేలోపు జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, న్యుమోనియా రావచ్చు. ముద్ద కూడా వద్దు, జిగటగా అంటుకుంటుంది. ముందు స్పీచ్ థెరపిస్ట్ దగ్గర మింగే పరీక్ష చేయించండి, మాటలే కాదు, మింగడమూ వాళ్లే చూస్తారు. ఐడీడీఎస్ఐ అనే అంతర్జాతీయ పద్ధతిలో చిక్కదనానికి 0 నుంచి 7 వరకు స్థాయిలున్నాయి, ఆయనకు ఏది సరిపోతుందో వాళ్లే తేల్చాలి.

కర్నూలు ఫుడ్‌టెక్: స్థాయి చెప్పాక ఇంట్లోనే చూసుకోవచ్చు. సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజిలో అంబలి నింపి 10 సెకన్లు కారనివ్వండి. 1 నుంచి 4 మిల్లీలీటర్లు మిగిలితే స్థాయి 1, 4 నుంచి 8 అయితే 2, 8 దాటినా కొంచెమైనా కారితే 3. సిరంజి మీద 0 గీత నుంచి 10 మిల్లీలీటర్ల గీత వరకు పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉండాలి, లేదంటే లెక్క తప్పుతుంది. చల్లారితే అంబలి గట్టిపడుతుంది, అందుకని ఆయన తాగే వేడిలోనే చూడండి. ఎంగిలి స్పూను మాత్రం గిన్నెలో ముంచొద్దు, లాలాజలంలోని అమైలేజ్ పిండిని విడగొట్టి మళ్లీ పల్చన చేసేస్తుంది.

ప్రొద్దుటూరు కోడలు: ఎంగిలి సంగతి ఎవరూ చెప్పలేదు అన్నా! గండికోట చూపించమంటున్నారు, దారిలో ఫ్లాస్కులో అంబలి తీసుకుపోవచ్చా?

కర్నూలు ఫుడ్‌టెక్: పోవచ్చు, కానీ అక్కడ పోసిన తర్వాత మళ్లీ సిరంజితో చూసి, ఆయన్ను నిటారుగా కూర్చోబెట్టాకే ఇవ్వండి.