ల్యుకేమియా పాజిటివ్ పిల్లులను ఆశ్రయంలో ఎలా ఉంచాలి?

ప్రశ్న

నమస్కారం. నేను ఒక పిల్లుల ఆశ్రయంలో వారానికి నాలుగు రోజులు స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. గత రెండు నెలల్లో మా దగ్గరకు వచ్చిన పిల్లుల్లో ఐదింటికి ఫిలైన్ ల్యుకేమియా (పిల్లులకు సోకే ఒక వైరస్ జబ్బు) పరీక్షలో పాజిటివ్ వచ్చింది. మూడు పెద్దవి, రెండు ఒకే ఈతలో పుట్టిన నాలుగు నెలల కూనలు. ప్రస్తుతానికి వాటిని జలుబుతోనూ విరేచనాలతోనూ బాధపడే పిల్లుల గదిలోనే వేరువేరు బోనుల్లో ఉంచారు. చూడడానికి ఐదూ ఆరోగ్యంగానే ఉన్నాయి. పెద్దవాటిలో ఒక గండుపిల్లి అయితే నేను బోను తలుపు తీయగానే నా మోచేతికి తల ఆనించి, నేను కదిలేదాకా అలాగే నిలబడుతుంది. నిర్వాహకుల్లో కొందరు వీటికి కారుణ్య మరణమే మేలంటున్నారు, మరికొందరు దత్తత ఇవ్వవచ్చునంటున్నారు. వీటిని కలిపి ఒకే గదిలో ఉంచవచ్చునా? ఎఫ్‌ఐవీ అనే, రోగనిరోధక శక్తిని దెబ్బతీసే మరో వైరస్ సోకిన పిల్లి కూడా ఒకటి ఉంది, దాన్నీ వీటితో చేర్చవచ్చునా? రోజూ మేము ఏమేమి గమనించాలో కూడా తెలియజేయగలరు.

సమాధానం: పశువైద్యురాలు

అన్నిటికంటే తొందరగా చేయవలసిన పని మీరు అడగనే లేదు. ఆ ఐదింటినీ జబ్బు పిల్లుల గదిలోనుంచి ఈ రోజే బయటకు తీసుకురండి. ఈ వైరస్ రోగనిరోధక శక్తిని కుంగదీస్తుంది కాబట్టి, పక్క బోనులో తుమ్మే పిల్లివల్ల వీటికి ప్రమాదమే తప్ప, విడి బోనులో ఉన్న వీటివల్ల ఆ పిల్లికి వచ్చే ముప్పు చాలా తక్కువ. ల్యుకేమియా వైరస్ ముఖ్యంగా ఎంగిలి ద్వారా పాకుతుంది: ఒకదాన్నొకటి నాక్కోవడం, ఒకే గిన్నెలో తినడం, కరుచుకోవడం. తల్లినుంచి కూనలకూ వస్తుంది. 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం ఈ వైరస్‌ను తొలిసారి గుర్తించినప్పుడు కూడా, ఒకే ఇంట్లోని పిల్లులకు వరుసగా లింఫోమా అనే క్యాన్సర్ రావడమే వారికి అనుమానం కలిగించింది. అంతలా అంటుకునే వైరస్సే అయినా ఒంటి బయట కొద్ది గంటలకు మించి బతకదు, మామూలు సబ్బునీళ్లకే నశిస్తుంది. మనుషులకు గానీ కుక్కలకు గానీ సోకదు.

ఇక, ఒక్క పరీక్షతో ఏ పిల్లికీ ముద్ర వేయకండి. ఆశ్రయాల్లో వాడే చిన్న కిట్ రక్తంలో పీ27 అనే వైరస్ ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. వైరస్ సోకిన పిల్లులన్నిటిలో అది ఒకేలా నడవదు. కొన్నిటిలో రక్తంలో పెరుగుతూనే పోతుంది. కొన్నిటిలో శరీరం దాన్ని అణచివేయగా రక్తంలో ప్రోటీన్ కనబడకుండా పోయి, వైరస్ జన్యువు మాత్రం కణాల్లో దాగి ఉంటుంది. అలాంటి పిల్లి సాధారణంగా ఇతర పిల్లులకు వైరస్‌ను పంచదు, కానీ ఒంట్లో శక్తి తగ్గినప్పుడు అది మళ్లీ తల ఎత్తవచ్చు. అందుకే వేరే పద్ధతిలో నిర్ధారణ పరీక్ష, వీలైతే వైరస్ జన్యువును వెతికే పీసీఆర్ పరీక్ష చేయించి, కొన్ని వారాల తరువాత మళ్లీ చూడండి. కూనల విషయంలో తల్లి పాలతో వచ్చిన యాంటీబాడీలు గానీ, ల్యుకేమియా టీకా గానీ ఈ పరీక్షను తప్పుదోవ పట్టించవు. అయితే ఒక కూనకు పాజిటివ్ వస్తే తోబుట్టువుకూ వచ్చి తీరాలని లేదు కాబట్టి రెండింటికీ విడివిడిగా చేయించవలసిందే.

నిర్ధారణ అయ్యేదాకా వేరువేరుగా ఉంచండి, అయిన తరువాత పాజిటివ్ పిల్లులను కలిపి ఒక గదిలో ఉంచవచ్చు. ఎఫ్‌ఐవీ పిల్లిని మాత్రం వాటితో చేర్చకండి, అది వేరే వైరస్. ఒక భారం మోస్తున్న దానికి రెండోది అంటగట్టినట్లవుతుంది. కారుణ్య మరణం గురించి: ఆరోగ్యంగా తిని తిరిగే పిల్లిని కేవలం పరీక్ష ఫలితం చూసి చంపవలసిన అవసరం లేదు.

సమాధానం: పాజిటివ్ పిల్లుల గదిని చూసుకునే వ్యక్తి

డాక్టరు గారు చెప్పినదానికి గదిలో రోజూ జరిగే పని ఎలా ఉంటుందో జోడిస్తాను. కూనలు, ఆరోగ్యంగా ఉన్న పిల్లుల దగ్గర పని ముగించుకొని, చేతులు కడుక్కుని, పై కోటు మార్చుకుని ఈ గదికి వెళ్లండి. జబ్బు పిల్లుల గదికి మాత్రం దీని తరువాతే వెళ్లాలి, అక్కడినుంచి నేరుగా ఇక్కడికి ఎన్నడూ రాకూడదు. పచ్చి మాంసం పెట్టకండి. వీటికి పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించి, మిగతా జబ్బుల టీకాలు వైద్యుల సలహాతో కొనసాగించండి. ల్యుకేమియా టీకా మాత్రం ఇప్పటికే సోకినవాటికి ఏ మేలూ చేయదు.

గమనించడం అంటే తలుపు దగ్గర నిలబడి అన్నీ బాగున్నాయనుకోవడం కాదు. నేను ప్రతి ఆదివారం ఒక్కొక్కదాన్ని తూకం వేసి నోటుపుస్తకంలో రాస్తాను, ఎందుకంటే బొచ్చు చాటున బక్కచిక్కడం కంటికి కనబడదు. పై పెదవిని బొటనవేలితో ఎత్తి చిగుళ్లు చూస్తాను. గులాబీ రంగు పోయి తెల్లబడ్డాయంటే రక్తహీనత మొదలైందని అనుమానించాలి. ఒకసారి ఒక ఆడపిల్లి ఆకలిగా గిన్నె దగ్గరకు వచ్చి, వాసన చూసి, ఒక ముద్ద నోట పెట్టుకోగానే తల విదిలించి వెనక్కి నడిచింది. అలకేమో అనుకున్నాను. తీరా చూస్తే నోటి వెనుక భాగమంతా పుండు పడి ఉంది. ఆ రోజునుంచి ఏ పిల్లి ఎంత తిన్నదన్నదే కాక, ఎలా తిన్నదన్నది కూడా రాస్తున్నాను. నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి. ముప్పై దాటుతూ ఉంటే ఆలస్యం చేయకండి, ఛాతీలో గడ్డ గానీ నీరు గానీ ఉండవచ్చు. ఒక రోజంతా తిననంటే కూడా వైద్యుల దగ్గరకు వెళ్లవలసిందే. పైకి ఏమీ లేకపోయినా ఆరు నెలలకొకసారి రక్తపరీక్ష అవసరం.

సమాధానం: దత్తత తీసుకున్న వ్యక్తి

నేను మూడేళ్ల క్రితం ఒక పాజిటివ్ పిల్లిని తెచ్చుకున్నాను. ఆశ్రయంవారు దాని పరీక్షల కాగితాలన్నీ చేతికిచ్చి, రోగం తెలిసిన తరువాత చాలా పిల్లులు కొన్నేళ్లకు మించి బతకవని, కూనగా సోకిన వాటికి గడువు ఇంకా తక్కువని, కొన్ని మాత్రం ఊహించనంత కాలం ఉంటాయని ముందే చెప్పారు. ఆ మాట దాచి ఉంటే నాకు కోపం వచ్చేది. చెప్పారు కాబట్టే నిర్ణయం నాదయింది. ఇంట్లో వేరే పిల్లి లేనివారికి, లేదా పాజిటివ్ పిల్లే ఉన్నవారికి ఇవ్వండి. నెగెటివ్ పిల్లి ఉన్న ఇల్లయితే, దానికి టీకా వేయిస్తామన్నా సరే, నేనైతే ఇవ్వను. టీకా ముప్పును తగ్గిస్తుందే కాని పూర్తిగా తీసేయదు. పూర్తిగా నయం చేసే మందు లేదన్నది కూడా స్పష్టంగా చెప్పండి. జిడోవుడిన్, ఇంటర్‌ఫెరాన్ వంటివి కొన్ని పిల్లులకు ఇస్తారు కాని, మొదటిది రక్తహీనతను పెంచగలదు కాబట్టి వైద్యుల పర్యవేక్షణ లేకుండా ఆ జోలికి వెళ్లకూడదు.

ప్రశ్న అడిగిన వ్యక్తి, ఐదు వారాల తరువాత

అందరికీ ధన్యవాదాలు. సామాన్ల గదిని ఖాళీ చేయించి ఐదింటినీ ఆ రోజే అక్కడికి మార్చాము. రెండో పరీక్షలో నాలుగింటికి మళ్లీ పాజిటివ్ వచ్చింది. నా మోచేతికి తల ఆనించే గండుపిల్లికి మాత్రం కిట్‌లో నెగెటివ్, పీసీఆర్‌లో పాజిటివ్ వచ్చింది. మిగతా నాలుగింటినీ కలిపాము, దీన్ని వాటితో ఉంచాలా వద్దా?

సమాధానం: పశువైద్యురాలు

వద్దు. దాని శరీరం వైరస్‌ను అణచిపెట్టి ఉంచింది, మళ్లీ ఆ ఎంగిలి మధ్యకు పంపకండి. అలాగని నెగెటివ్ పిల్లులతోనూ కలపకండి. ఒంటరిగా ఉండగలిగే ఇల్లు దీనికే ముందుగా వెతకండి, కాగితాల్లో రెండు ఫలితాలూ రాయండి. అంతవరకు మీరు వెళ్లే నాలుగు రోజులూ దాని గదిలో కాసేపు కూర్చోండి.